రియల్ టెన్నిస్ డబుల్స్: బంతిని వదలడం నేర్చుకున్నాను

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా హైస్కూల్లో సాయంత్రం బెల్లు కొట్టాక బాల్ బ్యాడ్మింటనే ఆట. పసుపుపచ్చ ఉన్ని బంతి, నీళ్లు చల్లి చదును చేసిన మట్టి కోర్టు, పక్కన నిలబడి కేకలేసే పీఈటీ గారు. ఆ ఆటలో బంతిని గాల్లో ఉండగానే కొట్టాలి. నేల తాకిందంటే పాయింటు పోయినట్టే. అందుకే బంతి మన వైపు వస్తోందంటే పడనివ్వకూడదన్నది చిన్నప్పుడే ఒంటికి పట్టేసింది, మోకాళ్లు గీరుకుపోయినా సరే.

ఆ అలవాటుతోనే కేంబ్రిడ్జిలో రియల్ టెన్నిస్, అంటే ఇప్పటి టెన్నిస్‌కు మూలమైన పాత ఆట, మొదలుపెట్టాను. అందులోనూ డబుల్స్. ఈ ఆటలో ఏ బంతిని కొట్టాలో తెలిస్తే సగం వచ్చినట్టు. ఏ బంతిని ముట్టుకోకుండా వదిలేయాలో ఇద్దరికీ ఒకే క్షణంలో తెలిస్తేనే జోడీ కుదిరినట్టు. నాకు ఆ రెండో సగం ఎలా వచ్చిందో రాస్తాను. కాకపోతే ముందు కోర్టు గురించి చెప్పాలి. కోర్టు కళ్లకు కట్టకపోతే తర్వాతిదేదీ అర్థం కాదు.

ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చిన కొత్తలో మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ, "రాకెట్ పట్టిన చెయ్యి అంటున్నావుగా, ఆదివారం నాతో రా" అని గ్రేంజ్ రోడ్డుకు తీసుకెళ్లింది. అక్కడ యూనివర్సిటీ రియల్ టెన్నిస్ క్లబ్బుకు రెండు కోర్టులున్నాయి. లోపలికి అడుగుపెడితే నాలుగు వైపులా ఎత్తైన గోడలు, పైన కప్పు. మూడు గోడల వెంబడి, తలకు కాస్త పైనుంచి మొదలై గోడ వైపు ఎత్తుగా పోయే వాలు కప్పు ఉంటుంది. దాన్ని పెంట్‌హౌస్ అంటారు. నాలుగోది నున్నటి గోడ. కానీ దాని అవతలి చివర కొంత మేర ముందుకు పొడుచుకొచ్చి ఏటవాలుగా ఉంటుంది. అది టాంబర్. దానికి తగిలిన బంతి దారి మార్చుకుని కోర్టుకు అడ్డంగా దూసుకొస్తుంది. నెట్ మధ్యలో 3 అడుగులు, రెండు చివర్లా 5 అడుగులు ఉంటుంది. అంటే మధ్యలో బాగా జారి ఉంటుంది కాబట్టి బంతులన్నీ అటే వెళ్తాయి.

గోడల్లో తెరుపులుంటాయి. సర్వ్ చేసేవాళ్ల వెనక గోడలో వెడల్పాటి తెరుపుకు వల కట్టి ఉంటుంది. అది దెదాన్. మ్యాచ్ చూసేవాళ్లు ఆ వల వెనకే కూర్చుంటారు. అవతలి చివర గోడలో ఒక మూలన చదరంగా గ్రిల్ ఉంటుంది. పక్క గోడ పొడవునా పెంట్‌హౌస్ కింద గ్యాలరీలు వరసగా ఉంటాయి. అవతలి వైపు చిట్టచివరి గ్యాలరీ పేరు విన్నింగ్ గ్యాలరీ. దెదాన్‌లో, గ్రిల్‌లో, విన్నింగ్ గ్యాలరీలో బంతి పడితే నేరుగా పాయింటు. గ్రిల్‌కు తగిలినప్పుడు ఠప్పుమని వచ్చే చప్పుడు వింటే ఎంత అలసిపోయినా ఉత్సాహం వస్తుంది.

సర్వ్ ఎప్పుడూ ఒక వైపు నుంచే చేస్తారు. ఆ వైపును సర్వీస్ సైడ్ అంటారు, అవతలిది హజార్డ్ సైడ్. సర్వ్ చేసిన బంతి ఎడమ చేతి వైపున్న పెంట్‌హౌస్ మీద పడి, దొర్లుకుంటూ పోయి అవతల దిగాలి. సర్వ్‌లకు పేర్లున్నాయి: రైల్‌రోడ్, జిరాఫ్, బాబుల్, పికే, ఇంకా చాలా. జిరాఫ్ అంటే పేరుకు తగ్గట్టే బాగా ఎత్తుకు వెళ్లి దిగేది. రైల్‌రోడ్ పెంట్‌హౌస్ మీద పరుగెత్తుకుంటూ పోయి, స్పిన్ వల్ల గోడ వైపు తిరుగుతుంది. దాన్ని తిరిగి కొట్టడానికి చోటే మిగలదు.

తొమ్మిదో తరగతి సాంఘిక శాస్త్రంలో ఫ్రెంచి విప్లవం పాఠం గుర్తుందా? 1789 జూన్ 20న వెర్సాయిలో మూడో ఎస్టేట్ ప్రతినిధులు ఒక టెన్నిస్ కోర్టులో చేరి శపథం చేశారని చదువుకున్నాం. అప్పట్లో ఆరుబయట మ్యాచ్ ఆడే కోర్టులో అంతమంది ఎలా పట్టారా అనుకునేదాన్ని. అది ఈ ఆట కోర్టు, నాలుగు గోడల హాలు. మనకు తెలిసిన లాన్ టెన్నిస్ ఆ తర్వాత ఎప్పుడో 1870ల్లో దీన్నుంచి పుట్టింది. ఒకప్పుడు ఫ్రాన్సులో ఊరూరా ఉన్న ఈ కోర్టులు ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద 50 దాకా మాత్రమే ఉన్నాయి. ఉన్నవి దాదాపు అన్నీ ఇంగ్లండు, స్కాట్లండు, ఫ్రాన్సు, అమెరికా, ఆస్ట్రేలియాల్లోనే. లండన్ దగ్గర హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్ చూడడానికి వెళ్లే మనవాళ్లు చాలామంది తోటలు చూసి వచ్చేస్తారు. అదే ఆవరణలో 17వ శతాబ్దపు కోర్టు ఉంది, అందులో ఇప్పటికీ సభ్యులు ఆడుతున్నారు. ఈసారి వెళ్తే అటు కూడా తొంగి చూడండి.

ఇక అసలు సంగతి, చేజ్.

మేం సర్వీస్ సైడ్‌లో ఉన్నామనుకోండి. అవతలి జోడీ కొట్టిన బంతి మా వైపు ఒకసారి నేల తాకింది, మేం అందుకోలేదు, రెండోసారి కూడా తాకింది. మామూలు టెన్నిస్‌లో అయితే పాయింటు వాళ్లది. ఇక్కడ ఎవరికీ పాయింటు రాదు. రెండోసారి ఎక్కడ తాకిందో చూస్తారు. నేల మీద వెనక గోడ నుంచి గజాల లెక్కన గీతలుంటాయి. నాలుగో గీత మీద తాకితే మార్కర్, అంటే అంపైర్ లాంటి మనిషి, "చేజ్ ఫోర్" అని పిలుస్తాడు. రెండుకూ మూడుకూ మధ్య పడితే "టూ అండ్ త్రీ". గోడకు మరీ దగ్గరైతే "బెటర్ దేన్ హాఫ్ ఎ యార్డ్". గ్యాలరీలో పడితే ఆ గ్యాలరీ పేరే చేజ్ పేరు. గోడకు ఎంత దగ్గరైతే చేజ్ అంత మంచిది.

అలా రెండు చేజ్‌లు పడ్డాక, లేదా ఒకరు 40కి, అంటే గేముకు ఒక్క పాయింటు దూరానికి, చేరి ఒక్క చేజ్ ఉన్నా, ఇరువైపుల వాళ్లూ చోట్లు మారతారు. ఇప్పుడు ఆ చేజ్ ఆడాలి. ఇందాక ఫోర్ పెట్టిన జోడీ సర్వీస్ సైడ్‌కు వచ్చి దాన్ని కాపాడుకుంటుంది. మేం హజార్డ్ సైడ్ నుంచి దాన్ని మించి కొట్టాలి. అంటే మా బంతి రెండోసారి తాకేది నాలుగు గజాలకంటే గోడకు దగ్గరగా ఉండాలి. ఐదు దగ్గర పడేలా కనిపిస్తే వాళ్లు రాకెట్ కూడా కదపరు. చూస్తూ నిలబడతారు, పాయింటు వాళ్లకే పోతుంది. సరిగ్గా నాలుగునే తాకితే చేజ్ ఆఫ్, ఎవరికీ ఏమీ రాదు. ఇంకో విషయం, ఈ ఆటలో గేము మారిందని సర్వ్ మారదు. చేజ్ పెట్టి, చోట్లు మారితేనే సర్వ్ చేతికొస్తుంది.

ఫోన్లో నాన్నకు ఇదంతా చెప్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన కూడా కుర్రతనంలో బాల్ బ్యాడ్మింటన్ ఆడినాయనే. తర్వాత, "అంటే పచారీ కొట్లో పద్దు రాసినట్టన్నమాట. ఇప్పుడు తీర్చక్కర్లేదు గానీ తర్వాత తీర్చాలి, అంతేగా తల్లీ?" అన్నాడు. అంతే. నేను క్లబ్బులో చాలామంది నోట విన్న వివరణలన్నిటికంటే అదే నాకు నచ్చింది.

లాన్ టెన్నిస్ పుట్టినప్పుడు ఈ లెక్కను వదిలేసి సులువు చేసుకున్నారు. లక్షలమంది ఆడే ఆట కావడానికి అది అవసరమే అయ్యుండొచ్చు. నాకు మాత్రం ఆటలో అన్నిటికంటే అందమైన భాగం పోయిందనిపిస్తుంది. ఒక మంచి షాట్ విలువ ఆ క్షణంలో తేలకుండా, తర్వాత ఇంకో షాట్‌తో పోల్చి తేలడం అన్నది ఇంకే ఆటలోనూ నేను చూడలేదు.

సామాను గురించి కూడా చెప్పాలి. రాకెట్ ఇప్పటికీ చెక్కదే, నిబంధనల ప్రకారం చెక్కదే ఉండాలి. పొడవు 27 అంగుళాలు ఉంటుంది, తల ఒక పక్కకు వంగి ఉంటుంది. నేలకు దగ్గరగా ఉన్న బంతిని, గోడ వారగా పోయే బంతిని తియ్యడానికి ఆ వంపు. తీగలు చాలా బిగువు. బంతిని క్లబ్బు ప్రొఫెషనల్సే చేత్తో చేస్తారు. ప్రాక్టీసుకు ముందుగా వెళ్లిన రోజుల్లో నేను వాళ్ల గదిలో కూర్చుని చూసేదాన్ని. కార్కు గుండు చుట్టూ నూలు పట్టీని లాగి లాగి చుడతారు, మధ్యమధ్యలో గుండ్రంగా వచ్చేలా కొడతారు, తర్వాత దారంతో గట్టిగా కడతారు. దాని మీద పసుపుపచ్చ ఉన్ని గుడ్డను రెండు ముక్కలుగా కత్తిరించి తొడిగి, సూదితో కుడతారు. వేలికి తోలు తొడుగు పెట్టుకుని, దారాన్ని పళ్లబిగువున లాగుతూ, మాట్లాడుతూనే కుట్టేస్తారు. గుడ్డ అరిగిపోతే విప్పేసి కొత్తది కుడతారు, లోపలి గుండు ఏళ్లతరబడి వాడతారు. మా ఊళ్లో ఉన్ని బంతి బరువు 30 గ్రాములు దాటదు. ఈ బంతి 70 గ్రాముల పైమాటే. నేల మీద పడితే లాన్ టెన్నిస్ బంతిలా లేవదు, కిందనే జారిపోతుంది. మొదటి రోజు మణికట్టు వాచిపోయింది.

ఒక్కటి మాత్రం తొందరగానే వచ్చింది. బాల్ బ్యాడ్మింటన్‌లో మేం బంతిని కోసేవాళ్లం, రాకెట్ ముఖం వాల్చి కింద నుంచి గీసినట్టు కొట్టేవాళ్లం. ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన షాట్ అదే, కట్. గట్టిగా బాదిన బంతి వెనక గోడకు తగిలి మళ్లీ కోర్టు మధ్యకు వచ్చి పడుతుంది, చేజ్ పాడవుతుంది. కోసిన బంతి గోడకు తగిలి అక్కడే కిందకు జారిపోతుంది, గజం లోపు చేజ్ పడుతుంది. నా కట్ చూసి ప్రొఫెషనల్, "ఇది ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగాడు. మట్టి కోర్టు గురించి, ఉన్ని బంతి గురించి చెప్పాను. ఆసక్తిగా విని, మర్నాడు ఇంటర్నెట్‌లో బాల్ బ్యాడ్మింటన్ వీడియోలు చూసి వచ్చి, ఐదుగురేసి ఆడే ఆట గురించి నన్ను బోలెడు ప్రశ్నలు వేశాడు.

సింగిల్స్ కొన్ని నెలలు ఆడాక డబుల్స్‌కు జోడీ దొరికాడు. రిటైరైన లెక్కల టీచరు, మా నాన్నకంటే పెద్దవాడు. ఇక్కడ అందరినీ పేరు పెట్టే పిలుస్తారు, నేనూ పైకి అలాగే పిలుస్తాను. మనసులో మాత్రం ఆయన నాకు మాస్టారే. ఇంట్లో మా ఆయనతో చెప్పేటప్పుడు కూడా "ఇవాళ మాస్టారు రైల్‌రోడ్ అదరగొట్టేశాడు" అనే అంటాను.

డబుల్స్‌లో మామూలుగా ఒకరు ముందు, ఒకరు వెనక. ముందున్నవాళ్లు నెట్ దగ్గర వాలీలు చూసుకుని, గ్యాలరీల వైపు పోయే బంతుల్ని ఆపాలి. వెనకున్నవాళ్లు గోడ మీంచి వచ్చేవి తియ్యాలి, దెదాన్‌ను కాపాడాలి. నా కాళ్లు చురుకైనవి కాబట్టి నేను ముందు. మాస్టారు ముప్ఫై ఏళ్లకు పైగా ఈ ఆటలో ఉన్నాడు, బంతి గోడకు తగిలి ఎక్కడ పడుతుందో ఆయనకు ముందే తెలుస్తుంది. ఆయన వెనక.

చేజ్ కాపాడుకునేటప్పుడు చిక్కంతా ఇక్కడే వస్తుంది. బంతి ముందు నన్ను దాటాలి. నా పక్కనుంచి, భుజం ఎత్తులో, హాయిగా వాలీ కొట్టుకోదగ్గట్టు వస్తుంది. నా చెయ్యి దానికదే లేస్తుంది. నేను ముట్టుకున్నానంటే ఇక వదలడం అనేది లేదు, ర్యాలీ మొదలైపోయినట్టే. ముట్టుకోకపోతే అది నా వెనక్కి వెళ్లి, నేల తాకి, గోడకు తగిలి, బయటికొచ్చి, ఎక్కడో రెండోసారి తాకుతుంది. ఆ ఎక్కడన్నది నాకు కనబడదు, మాస్టారికే కనబడుతుంది. ఆయన "లీవ్!" అని అరిచేసరికి బంతికీ నా రాకెట్‌కూ మధ్య జానెడు దూరం ఉంటుంది. అంత తక్కువ టైములో, ఇరవై ఏళ్ల అలవాటును పక్కన పెట్టి, చెయ్యి కిందకు దించాలి.

దానికి మాస్టారు నాతో చేయించిన ప్రాక్టీసు ఇదీ. ఆయన అవతలి వైపు నుంచి బంతులు కొడతాడు. నేను సర్వీస్ సైడ్‌లో వెనక గోడ దగ్గర, రాకెట్ లేకుండా నిలబడాలి. బంతి మొదటిసారి నేల తాకీ తాకగానే చేజ్ ఎంతో పైకి చెప్పాలి. "త్రీ!" అంటాను, ఐదు దగ్గర పడుతుంది. "ఫోర్!" అంటాను, రెండు. ఆయన ఏమీ అనడు, ఇంకో బంతి కొడతాడు. బుట్ట ఖాళీ అయ్యాక ఇద్దరం ఏరి, మళ్లీ మొదలు. కొన్ని వారాలు పోయాక నా లెక్క గజం అటూ ఇటూలోకి వచ్చింది. తర్వాత అరగజంలోకి. దీంట్లో ఒక సంగతి తెలిసింది. చూడాల్సింది బంతి వేగాన్ని కాదు, అవతలివాళ్ల రాకెట్ ముఖాన్ని. ముఖం తెరిచి కోస్తే బంతి గోడకు తగిలి జారుతుంది, కాబట్టి ఆడి తీరాలి. ముఖం నిటారుగా పెట్టి బాదితే గోడ మీంచి వెనక్కి తన్నుకొస్తుంది, వదిలెయ్యొచ్చు. ముందు నిలబడ్డ నాకు వెనక గోడ కనబడకపోయినా ఎదుటివాళ్ల రాకెట్ కనబడుతుంది కదా! ఆ రోజు నుంచి మాస్టారి కేక నాకు కొత్త కబురు కాలేదు. నేను సగం అనుకున్నదాన్ని ఆయన ఖాయం చేస్తున్నాడు, అంతే. చెయ్యి దించడం అప్పుడు తేలికైంది.

ఆ రోజుల్లోనే రాత్రుళ్లు కూర్చుని ప్రపంచ డబుల్స్ పోటీల వీడియోలు చూడడం మొదలుపెట్టాను. ఈ ఆటలో సింగిల్స్ ప్రపంచ టైటిల్ చరిత్ర 18వ శతాబ్దం దాకా వెళ్తుంది. అది ఛాలెంజ్ పద్ధతిలో జరుగుతుంది. ఛాంపియన్ కూర్చుని ఉంటే, మిగతావాళ్లలో గెలిచి వచ్చినవాడు ఆయనతో మూడు రోజులపాటు, 13 సెట్ల మ్యాచ్ ఆడతాడు, 7 ముందు గెలిచినవాళ్లది టైటిల్. డబుల్స్ ప్రపంచ పోటీ చాలా కొత్తది, 2001లో మొదలైంది, మామూలుగా రెండేళ్లకోసారి జరుగుతుంది. ఆస్ట్రేలియా జోడీ రాబర్ట్ ఫాహీ, స్టీవ్ వర్గోనా దాన్ని గెలిచారు. వాళ్ల తర్వాత అమెరికా జోడీ కామ్డెన్ రివియర్, టిమ్ చిజమ్ గెలిచారు. ఫాహీ హోబార్ట్ మనిషి. 1994 నుంచి 2016 దాకా సింగిల్స్ ప్రపంచ ఛాంపియన్ ఆయనే. రివియర్ చేతిలో పోగొట్టుకుని, 2018లో యాభై ఏళ్ల వయసులో మళ్లీ గెలుచుకున్నాడు. ఆడవాళ్ల డబుల్స్ ప్రపంచ టైటిల్‌ను క్లేర్ ఫాహీ, సారా విగ్రాస్ అనే అక్కాచెల్లెళ్లు కలిసి గెలిచారు. క్లేర్, రాబర్ట్ భార్యాభర్తలు.

మొదట్లో నేను కూడా రివియర్ కొట్టే వేగాన్నే చూస్తూ కూర్చున్నాను. అందరూ చూసేది అదే, అంత చూడముచ్చటగా ఉంటుంది. గ్రిల్ వైపు, దెదాన్ వైపు బంతి ఎప్పుడు వెళ్లిందో కూడా తెలియదు. తర్వాత వీడియో ఆపి, వెనక్కి జరిపి, కొట్టని బంతుల్ని మాత్రమే చూడడం మొదలుపెట్టాను. చేజ్ కాపాడుకుంటున్న జోడీలో ముందున్న మనిషి బంతి వస్తుండగానే భుజం తిప్పి దానికి దారి ఇచ్చేస్తాడు. వెనకున్న మనిషి రాకెట్ సిద్ధంగా పట్టుకునే ఉంటాడు, కాళ్లు కదులుతూనే ఉంటాయి, చివరి క్షణం దాకా ఆడతాడనే అనిపిస్తుంది, ఆడడు. బంతి రెండోసారి తాకేలోపే ఇద్దరూ తర్వాతి పాయింటుకు తమ చోట్లకు నడుస్తుంటారు. మార్కర్ పిలుపు కోసం కూడా ఆగరు. పక్కన కూర్చున్న మా ఆయన, "ఎవరూ ఏం చెయ్యలేదుగా, దీన్ని నాలుగోసారి చూస్తున్నావేంటి?" అన్నాడు. చేజ్ ఏమిటో కాగితం మీద గీసి చెప్పాక ఆయన కూడా ఆపి చూడడం మొదలుపెట్టాడు. ఇప్పుడు నాకంటే ముందే "వదిలేస్తారు చూడు" అంటున్నాడు.

వసంతకాలంలో మా క్లబ్బులో హ్యాండిక్యాప్ డబుల్స్ పోటీకి పేర్లిచ్చాం. ఈ ఆటలో హ్యాండిక్యాప్ పద్ధతి చాలా న్యాయమైనది. ప్రతి ఆటగాడికీ ఒక అంకె ఉంటుంది, తక్కువ ఉంటే గొప్ప. కొత్తవాళ్లది అరవైలు, డెబ్భైల్లో ఉంటుంది. ప్రపంచ స్థాయి వాళ్లది సున్నాకు కింద. ప్రతి మ్యాచ్ ఫలితం నమోదవుతుంది, దాన్నిబట్టి అంకె మారుతుంది. రెండు జోడీల మధ్య తేడాను బట్టి బలహీనులకు గేము మొదట్లోనే 15 ఇస్తారు, లేదా బలవంతులు సున్నాకు కింద నుంచి మొదలుపెడతారు. అందువల్ల నాలాంటిది కూడా ఇరవై ఏళ్లుగా ఆడుతున్నవాళ్లతో గెలుపు ఆశతోనే కోర్టులోకి దిగొచ్చు. మన దగ్గర స్కూలు పోటీల్లో మొదటి రౌండులోనే బలమైన జట్టు తగిలి ఇంటికి పోయే పిల్లల్ని చూశాను కాబట్టి, ఈ పద్ధతి మీద నాకు గౌరవం ఎక్కువ.

మొదటి మ్యాచ్ ఒక తండ్రీకూతుళ్ల జోడీతో. ఎనిమిది గేములు ముందు గెలిచినవాళ్లది మ్యాచ్. దెదాన్‌లో కూర్చున్న జనాన్ని చూస్తే టెన్షన్ వచ్చింది గానీ, మాస్టారి మొదటి సర్వ్ పెంట్‌హౌస్ మీద దొర్లడం వినగానే సర్దుకుంది. ఐదు, ఐదు దాకా సమానంగా వెళ్లాం. పదకొండో గేములో మేం హజార్డ్ సైడ్‌లో ఉండగా నా కట్ ఒకటి బాగా పడింది, మార్కర్ "చేజ్ త్రీ" అన్నాడు. స్కోరు మాకు 40, వాళ్లకు 30. 40 కాబట్టి ఒక్క చేజ్‌కే చోట్లు మారాం. ఆ చేజ్ కాపాడుకుంటే గేము మాది.

మాస్టారు సర్వ్ చేశాడు. కూతురు దాన్ని గట్టిగా బాదింది. నాకు ఆమె రాకెట్ ముఖం స్పష్టంగా కనబడింది, నిటారుగా ఉంది. బంతి నా కుడిచేతి పక్కనుంచి, నడుం ఎత్తులో వస్తోంది. "లీవ్!" అన్న కేక వినబడేసరికి నా చెయ్యి అప్పటికే కిందకు దిగి ఉంది. వెనక గోడకు తగిలిన చప్పుడు, తర్వాత నేల చప్పుడు. తిరిగి చూస్తే ఐదో గీత దాటి వచ్చి పడింది. గేము మాది.

తర్వాతి గేములోనే దాదాపు అలాంటి బంతే ఇంకోటి వచ్చింది. ఈసారి మేం కాపాడుతున్నది చేజ్ ఫోర్. అదే ఎత్తు, అదే వేగం, ఆయన అదే కేక. నేను చెయ్యి దించాను. బంతి సరిగ్గా గోడా నేలా కలిసే అంచులో తగిలింది. దాన్ని నిక్ అంటారు. అక్కడ తగిలిన బంతి లేవదు. గజం లోపే పడి ఆగిపోయింది, చేజ్ వాళ్లు గెలిచారు, గేము కూడా. నేను మాస్టారి వైపు చూశాను. ఆయన రాకెట్ తీగలు సర్దుకుంటూ, "మళ్లీ అలాంటిదే వస్తే మళ్లీ వదిలేద్దాం" అన్నాడు. నాకు కూడా అదే సరైన లెక్క అనిపించింది. నిక్ అనేది ఎప్పుడో ఒకసారి తగులుతుంది. దానికి భయపడి ముందున్న మనిషి ప్రతి బంతికీ చెయ్యి పెడితే, వెనకున్న మనిషి చూపుకు విలువే ఉండదు. ఆరు, ఆరు దగ్గర నిజంగానే అలాంటిది వచ్చింది. వదిలేశాం. ఆరు గజాల దగ్గర పడింది.

ఎనిమిది, ఆరుతో గెలిచాం. మధ్యాహ్నం రెండో రౌండులో ఇద్దరు పీహెచ్‌డీ కుర్రాళ్ల చేతిలో ఓడిపోయాం. వాళ్లకు గట్టిగా కొట్టాల్సిన అవసరమే రాలేదు, ఇద్దరూ కట్ బాగా తెలిసినవాళ్లు. మాకు వదిలే బంతి ఒక్కటి కూడా ఇవ్వలేదు. మ్యాచ్ అయ్యాక వాళ్లతో కూర్చుని టీ తాగుతూ, బంతి గోడ దగ్గర అంత చచ్చేలా ఎలా కోస్తున్నారో అడిగాను. అందులో ఒకతను కోర్టులోకి మళ్లీ తీసుకెళ్లి, మోకాలు ఎంత వంచాలో, రాకెట్ తల మణికట్టు కంటే పైన ఎలా ఉంచాలో చూపించాడు. ఇంకో అరగంట అదే చేశాం.

ఇంగ్లండులో ఉన్న తెలుగువాళ్లకు, ముఖ్యంగా చదువుకోవడానికి వచ్చినవాళ్లకు ఒక మాట. లండన్ హెండన్‌లో మిడిల్‌సెక్స్ యూనివర్సిటీ దగ్గర రియల్ టెన్నిస్ కోర్టు ఉంది. మనవాళ్లు బోలెడంతమంది ఆ యూనివర్సిటీలో చదువుతుంటారు. ఆక్స్‌ఫర్డ్‌లో మెర్టన్ స్ట్రీట్‌లో ఉంది. మాంచెస్టర్, బ్రిస్టల్, న్యూకాసిల్, లెమింగ్టన్‌లలో ఉన్నాయి. క్లబ్బుకు ఫోన్ చేసి, ఎప్పుడూ ఆడలేదు, ఒకసారి చూస్తాను అంటే చాలు. రాకెట్ వాళ్లే ఇస్తారు, బంతులూ వాళ్లవే. నేలకు మచ్చలు పడని బూట్లు తీసుకెళ్లండి. బాల్ బ్యాడ్మింటన్ గానీ షటిల్ గానీ ఆడిన చెయ్యి అయితే కట్ మీకు సగం వచ్చినట్టే. మొదటి రోజు చేజ్ లెక్క అర్థం కాకపోతే కంగారు పడకండి, దెదాన్‌లో కూర్చుని ఎవరిదైనా ఒక డబుల్స్ మ్యాచ్ చూడండి, మార్కర్ పిలుపులు వింటూ ఉండండి. పక్కన కూర్చున్నవాళ్లను అడిగితే సంతోషంగా చెప్తారు, ఈ ఆట వాళ్లకు కొత్త మనిషి కనబడితే పండగే. మేమిద్దరం శరదృతువులో మళ్లీ పేర్లిస్తున్నాం. ఈలోపు మాస్టారు నాకు జిరాఫ్ సర్వ్ నేర్పుతానన్నాడు, మంగళవారం సాయంత్రం కోర్టు బుక్ చేశాం.